కొలతకి రాని కాళ్ళు

"చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగారా అమ్మా?" అని అడిగాడు ఎముకల డాక్టరు.

నా కాళ్ళు ఆయన ముందు బల్ల మీద ఉన్నాయి. రెండూ వెడల్పు కాళ్ళు. వేళ్ళు ఒకదానికొకటి అంటకుండా చేతివేళ్ళ మాదిరి విడివిడిగా ఉంటాయి. కుడి బొటనవేలు మాత్రం పక్కవేలి మీదికి వంగింది. అరికాలి వంపు పడిపోయింది. తడికాలు గచ్చు మీద పెడితే పాదమంతా అచ్చు పడుద్ది, మధ్యలో ఖాళీ ఉండదు.

"తిరిగాను సార్."

"ఏం, ఇంట్లో కొనేవాళ్ళు కాదా?"

"మాది చెప్పులు కుట్టే ఇల్లు సార్. అందుకని."

ఆయన నవ్వాడు. నేనేదో చమత్కారం చేశాననుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఎవరితోనూ అనని మాట అది. అడిగినవాళ్ళకల్లా "మా నాయన వ్యవసాయం" అని చెప్పుకున్నదాన్ని. ఆ రోజు కాళ్ళే నాచేత నిజం చెప్పించాయి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఊరి పేరు చెప్పను. మీ ఊరే అనుకోండి, పెద్ద తేడా ఉండదు. మాదిగపల్లెలో మా ఇంటి వెనక లంద ఉండేది. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి సున్నపునీళ్ళలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క కషాయంలో ఊరేసేవాళ్ళు. చెప్పులు, మోట బొక్కెనలు, పలుపులు, చర్నాకోలలు ఆ తోలుతోనే. తోలుపని మగోళ్ళ పనని పుస్తకాల్లో రాస్తారు. నిజమే, ఆరె, రంపె పట్టేది మగోడే. తంగేడు చెక్క కొట్టుకొచ్చేది ఎవరు? సున్నంలో చేతులు పెట్టేది ఎవరు? మా అమ్మ గోళ్ళ చుట్టూ చర్మం ఎప్పుడూ తెల్లగా పగిలి ఉండేది. అన్నం కలుపుకుంటే కారం మండి చెయ్యి విదిలించుకునేది.

మా నాయన కొలత తీసే తీరు చెప్పాలి మీకు. ఆసామి అరుగు మీద, మా నాయన కింద. కాలు ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా చెప్పు కుట్టాల. అందుకని తడిమట్టిలో ఆసామిచేత అడుగు వేయించేవాడు. ఆయన పక్కకి తప్పుకున్నాక ఆ అడుగు దగ్గర కూర్చుని తాటాకు పెట్టి కొలిచేవాడు. పొడవుకి ఒక గాటు. వేళ్ళ దగ్గర వెడల్పుకి ఒక గాటు. మడమకి ఒకటి. పైన చుట్టుకొలత మాత్రం ఆసామే ఆకు కాలికి చుట్టుకుని, గోటితో గాటు పెట్టి కిందికి విసిరేవాడు. కుడికాలికి ఒక ఆకు, ఎడమకాలికి ఒక ఆకు. "రెండు కాళ్ళూ ఒకటే ఉండవు అమ్మే, ఏ మనిషికీ ఉండవు" అనేవాడు నాయన.

ఆ తాటాకులన్నీ కట్ట కట్టి వాసానికి వేలాడదీసేవాడు. అక్షరం ముక్క రాదు. చీకట్లో తడిమి, ఏ ఆకు ఎవరిదో చెప్పేవాడు. ఊళ్ళో సగంమంది ఆసాముల కాళ్ళు మా ఇంటి చూరులో వేలాడుతుండేవి. ఏడాదికొక జత కుట్టిచ్చేవాడు. కళ్ళం రోజుల్లో పోయి మేర గింజలు తెచ్చుకునేవాడు. ఎన్ని గింజలన్నది వాళ్ళ దయ.

ఆ కట్టలో మా అమ్మ ఆకు లేదు. మా నాయనమ్మది లేదు. నాది లేదు. మా ఇంట్లో ఆడోళ్ళకి చెప్పుల్లేవు. నాయనకి ఒక జత ఉండేది, పొలం గట్ల మీద తొడుక్కోడానికి. ఊళ్ళోకి వస్తే అవి చంకలోకి పోయేవి. తను కుట్టిన జత చంకలో పెట్టుకుని, తను కుట్టిన జత తొడుక్కున్నోడి ముందు నిలబడేవాడు.

పెద్ద ఆసామికి కిర్రుచెప్పులే కావాల. అడుగేస్తే కిర్రు కిర్రుమనాల. వీధి మొగలో ఆ చప్పుడు వినపడితే మావాళ్ళు కూర్చున్నచోటి నుంచి లేచేవాళ్ళు. మమ్మల్ని లేపి నిలబెట్టే ఆ చప్పుడు మా ఇంట్లోనే తయారయ్యేది. చెప్పు సరిగ్గా కిర్రుమనకపోతే తిప్పి పంపేవాడు. మా నాయన మళ్ళీ విప్పి కుట్టేవాడు.

ఒకసారి అమ్మా నాయనా పోట్లాడుకున్నారు. నాట్లప్పుడు అమ్మ కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది. "ఊరందరి కాళ్ళకీ కుడతావు. నా కాళ్ళు నీ కంటికి ఆనవా?" అంది. నాయన ఆరె పక్కన పెట్టి, "ఏసుకుని యాడ తిరుగుతావే? ఆ బాట మనదా?" అన్నాడు. అమ్మ ఇంకేమీ అనలేదు. ఆ మాట నిజమే. అయినా నేను నాయనని ఆ విషయంలో ఇప్పటికీ క్షమించలేదు. బాట వాళ్ళది. తోలు మనది గదా. లందలో చేతులు కాల్చుకున్న మనిషికి ఇంటి గడప లోపల తిరగడానికైనా ఒక జత కుట్టొచ్చు గదా.

1985 జులై 17న కారంచేడులో మావాళ్ళని వెంటాడి చంపారు. నేనప్పుడు నర్సు ట్రైనింగులో ఉన్నాను. హాస్టల్లో రేడియో చుట్టూ కూర్చుని ఏడ్చాం. సెలవులకి ఇంటికొచ్చి చూస్తే మా పల్లె కుర్రాళ్ళు పెద్దవీధిలో చెప్పులు తీయడం మానేశారు. ఎవరూ తీర్మానం చేయలేదు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. తీయలేదు, అంతే. నాయన మాత్రం తీశాడు. చచ్చిందాకా తీశాడు.

1986లో నాకు ఏఎన్‌ఎం ఉద్యోగం వచ్చింది. ఐదు ఊళ్ళు, ఐదువేల పైచిలుకు జనం. పుట్టిన ప్రతి బిడ్డకీ సూది వెయ్యాల, కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషినీ చూడాల. జీపు డాక్టరుకి. నాకు కాళ్ళు.

ఉద్యోగంలో చేరే ముందు నాయన పిలిచాడు. "కాలు ఇట్టా పెట్టు అమ్మే" అన్నాడు. తాటాకు తేలేదు. రెండు చేతుల్తో నా పాదం పట్టుకున్నాడు. జానతో పొడవు కొలిచాడు, వేళ్ళతో వెడల్పు కొలిచాడు, మడమ గుప్పిట్లో పట్టి చూశాడు. అన్నేళ్ళూ మట్టిలో పడ్డ అడుగుల్ని కొలిచిన మనిషి. కాలు పట్టుకుని కొలత తీయడం నేను చూసింది అదొక్కసారే.

వారం రోజులు కుట్టాడు. ముందు వెడల్పుగా, వేళ్ళు విచ్చుకునేట్టు. బొటనవేలికి ఉంగటం. ఆముదం పట్టించి మెత్తబరిచిన వార్లు. అరికాలి వంపు కింద ఒక సన్నటి తోలుముక్క మడిచి ఎత్తుగా పెట్టి కుట్టాడు. "ఇదెందుకు నాయనా?" అంటే, "నువ్వు నడిచేదానివి గదా" అన్నాడు.

ఒక్కరోజు వేసుకున్నాను. ఆరోగ్యకేంద్రంలో నెలవారీ మీటింగు. పక్కన కూర్చున్నామె నా కాళ్ళ వంక చూసి, "ఇవెక్కడివి? మీవాళ్ళే కుడతారా?" అంది. ఆమె మామూలుగానే అడిగిందో, ఆరా తీయడానికే అడిగిందో ఇప్పటికీ తెలియదు. "సంతలో కొన్నాను" అన్నాను. ఇంటికొచ్చి వాటిని ట్రంకుపెట్టె కిందికి తోసేశాను. మరుసటి ఆదివారం ఒంగోలు పోయి, మొన సన్నగా ఉండి మడమ కింద కాస్త ఎత్తున్న శాండిల్స్ కొన్నాను. వేళ్ళు నొక్కుకుంటే సర్దుకుంటాయిలే అనుకున్నాను. సర్దుకున్నాయి. బొటనవేలు పక్కవేలి మీదికెక్కి సర్దుకుంది.

క్రిస్మస్‌కి ఇంటికెళ్ళినప్పుడు నాయన నా మొహం కంటే ముందు కాళ్ళు చూశాడు. "నేను కుట్టినయ్యి ఏమైనయ్యి?" అన్నాడు. "పాడైపోతయ్యని దాచుకున్నా నాయనా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "చెప్పు కాలికి రావాల అమ్మే. కాలు చెప్పుకి పోగూడదు" అన్నాడు. మళ్ళీ నాకెప్పుడూ కుట్టలేదు. నేనూ అడగలేదు. మొదటి బదిలీ నాడు పెట్టె జరిపి చూస్తే ఎలకలు ఒక చెప్పు సగం కొరికేశాయి. రెండూ అక్కడే వదిలేసి వచ్చాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే నా కథ అబద్ధమవుద్ది. కుష్ఠు కార్యక్రమంలో పనిచేసినప్పుడు స్పర్శ పోయిన కాళ్ళవాళ్ళకి ఎంసీఆర్ చెప్పులు పంచేవాళ్ళం. సన్నటి గాలిగదులుండే మెత్తటి రబ్బరు అడుగు, పైన పట్టీలు. 1946లో వేలూరు ఆస్పత్రికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, ఆయన తోటివాళ్ళూ కలిసి కనిపెట్టిన సంగతి ఒకటుంది. కుష్ఠు పాదాన్ని తినదు. నొప్పి తెలియని కాలు ఒకేచోట ఒత్తుకుని ఒత్తుకుని పుండు పడుద్ది. ఒత్తిడిని పాదమంతా పంచే చెప్పు తొడిగితే కాలు నిలుస్తుంది. తర్వాత షుగరు రోగుల కాళ్ళకీ అదే విద్య పనికొచ్చింది.

అయితే ఆ చెప్పులు తీసుకున్నవాళ్ళు చాలామంది తొడుక్కునేవాళ్ళు కాదు. వాటిని చూస్తేనే ఊరికి జబ్బు సంగతి తెలిసిపోతుందని చూర్లో దోపేవాళ్ళు. నేను ఇంటింటికీ పోయి, "సిగ్గెందుకమ్మా, కాలు ముఖ్యమా, ఊరి మాట ముఖ్యమా?" అని గంటలకొద్దీ చెప్పేదాన్ని. చక్కగా చెబుతానని మెచ్చుకున్నారు కూడా. అప్పుడు నా కాళ్ళకి ఉన్నది ఆ సన్నమొన శాండిల్సే.

1994లో ఈదుమూడిలో దండోరా మొదలైంది. మావాళ్ళు పేరు చివర మాదిగ అని రాసుకోవడం మొదలెట్టారు. డప్పునీ చెప్పునీ తలెత్తుకుని చెప్పుకున్నారు. మా తమ్ముడు గోడల మీద రాతలు రాశాడు. నేను సబ్‌సెంటరు క్వార్టర్సులో తలుపేసుకుని కూర్చున్నాను. తమ్ముడొస్తే, "ఇక్కడ గట్టిగా మాట్లాడకురా" అన్నాను.

1997లో నాయన పోయాడు. పెద్దదినం అయ్యాక చూస్తే వాసానికి తాటాకుల కట్ట లేదు. అమ్మనడిగాను. "నీళ్ళు కాగబెట్టా. ఆసాముల కాళ్ళన్నీ పొయ్యిలో పెట్టా. బాగా మండినయ్యి" అంది. ఆ దుఃఖంలోనూ నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అమ్మకేమీ రాలేదు. పొయ్యి ఎగదోసుకుంటా కూర్చుంది.

2024లో రిటైరయ్యాను. అప్పటికే షుగరు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. రోజూ నడవమని షుగరు డాక్టరు అంటాడు. నడిస్తే మడమ ఒప్పుకోదు. అట్టా పోయాను ఎముకల డాక్టరు దగ్గరికి. ఆయన సన్నటి నైలాన్ దారం అరికాలికి తాకించి స్పర్శ చూశాడు. ఉంది. వంపు పడిపోవడం వల్ల లోపలి పట్టీ లాగుతోందన్నాడు.

"చెప్పుల్లేకుండా తిరగడం వల్లేనా సార్?" అన్నాను.

"వెడల్పు దానివల్ల వచ్చిందేమో. వంపు పడిపోవడం దానివల్ల అనలేం" అన్నాడు. చెప్పులు తొడుక్కునే పిల్లల్లోనే చదును పాదాలు ఎక్కువని మన దేశంలోనే తేల్చారట. ఇంటికొచ్చాక మా మేనకోడలు వెతికిపెట్టింది. 1992లో అచ్చయిన పరిశోధన. 2300 మంది పిల్లల్ని చూస్తే, చెప్పులు తొడుక్కునే పిల్లల్లో నూటికి 8.6 మందికి, ఉత్త కాళ్ళ పిల్లల్లో 2.8 మందికి చదును పాదాలున్నాయి. నా వంపు పడగొట్టింది చిన్ననాటి నేల కాదన్నమాట. పెరిగిన వయసు, పెరిగిన బరువు, కాలికి రాని చెప్పులతో నడిచిన ముప్ఫై ఎనిమిదేళ్ళు.

గుంటూరులో ఆర్థోటిక్ అట్టలు చేసే అతని దగ్గరికి పంపారు. అతను నన్ను మెత్తటి ఫోమ్ పెట్టెలో అడుగు వేయమన్నాడు. తడిమట్టిలో వేసినట్టే దిగబడింది కాలు. కాగితం మీద పాదం పెట్టించి చుట్టూ పెన్సిలు గీశాడు. పొడవు రాశాడు, వెడల్పు రాశాడు, రెండు కాళ్ళకీ విడివిడిగా రాశాడు. నాయన తర్వాత నా కాలి వెడల్పు కొలిచిన రెండో మనిషి అతను. వారానికి అట్టలు వచ్చాయి. మడమ చుట్టూ దొప్పలాగా గట్టిగా, వంపు కింద ఎత్తుగా, వేళ్ళ వెనక చిన్న గుబ్బ. ఆ ఎత్తు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాను. ఇది నేను ముందే చూశాను. ట్రంకుపెట్టె కింద.

"వీటిని చెప్పుల్లో పెట్టలేం అమ్మా, బూట్లు కావాలి. లోపలి అట్ట ఊడొచ్చేవి, ముందు వెడల్పుగా ఉండేవి, మడమ దగ్గర గట్టిగా ఉండేవి చూసుకోండి" అన్నాడు.

చూసుకోండి అన్నాడు గానీ, యాడ ఉన్నాయి? మొదటి అంగడిలో ఆడవాళ్ళ బూట్లన్నీ సన్నటివే. అమ్మే కుర్రాడు నా కాలు ఇనప పలక మీద పెట్టించి పొడవు చూసి "ఆరు" అన్నాడు. "వెడల్పు చూడవా బాబూ?" అంటే, "వెడల్పుకి సైజులుండవు ఆంటీ" అన్నాడు. ఉంటాయి. అమెరికాలో ఆడవాళ్ళకి బి మామూలు వెడల్పు, డి వెడల్పైనది. మగవాళ్ళకి డి మామూలు, పైన 2ఈ, 4ఈ అని ఉంటాయి. నేను తిరిగిన అంగళ్ళలో ఒక్క పెట్టె మీద కూడా ఆ అక్షరం లేదు. అక్కడున్నది ఇంగ్లీషు వాళ్ళ నంబరు. నంబరుకీ నంబరుకీ మధ్య అంగుళంలో మూడోవంతు. అది ఒక బార్లీ గింజ పొడవు. బార్లీ గింజలతో పొడవు లెక్కపెట్టిన కొలత మీద మా నాట్లేసిన కాళ్ళు నిలబెట్టి, సరిపోలేదంటున్నారు.

"అయితే ఎనిమిది వేసుకోండి" అన్నాడు. వెడల్పు చాలనప్పుడు అందరూ చేసేదదే. వేసుకుని నాలుగడుగులు నడిచాను. వెడల్పు కాస్త సరిపోయింది గానీ ముందు రెండు వేళ్ళ ఖాళీ. మడమ జారిపోతోంది. నా కాలు వంగేచోట బూటు వంగదు, బూటు వంగేచోట నా కాలు లేదు. లోపల ఆర్థోటిక్ అట్ట ముందుకి జరిగి, వంపు కింద ఉండాల్సిన ఎత్తు ఇంకోచోట పొడుస్తోంది. వద్దన్నాను.

రెండో అంగడిలో యజమానే వచ్చి చూశాడు. నా కాళ్ళు చూసి, "ఇవి పొలం పని కాళ్ళమ్మా. వీటికి బూట్లు రావు. మీదే ఊరు? ఏ వీధి?" అన్నాడు.

ఏ వీధి అన్న ప్రశ్నకి అర్థం మనందరికీ తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ ప్రశ్నకి తప్పుకుని తిరిగాను. ఆ రోజు తప్పుకోలేదు. "మాదిగపల్లె" అన్నాను. "మీ దగ్గర సైజు లేదని చెప్పండి. కాలే తప్పని చెప్పకండి."

గొంతు వణికింది. పెద్ద ధైర్యమేమీ కాదు. బయటికొచ్చి బస్టాండు దాకా నడిచేసరికి చెమటలు పట్టాయి. అయితే ఆ చిన్నమాట అనడానికి నాకు అరవై రెండేళ్ళు పట్టింది, అందుకని మీకు చెబుతున్నా.

మూడో అంగడిలో పనిచేసే అమ్మాయి దారి చూపించింది. "మగవాళ్ళ బూట్లు చూడండి ఆంటీ, అదే పొడవులో వెడల్పు ఎక్కువుంటది" అంది. నల్లటి తోలు బూట్లు, తాళ్ళు కట్టుకునేవి, ఏడో నంబరు. లోపలి అట్ట ఊడొచ్చింది. అది తీసేసి నా అట్ట పెట్టుకుంటే మడమ కుదురుగా కూర్చుంది. వంగిన బొటనవేలి పక్క ఎముకా, చిటికెనవేలూ మాత్రం ఒత్తుకున్నాయి. తోలే గదా అని తీసుకున్నాను.

బస్టాండు బయట వేపచెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన ఉన్నాడు. నేల మీద గోనెసంచి, ముందు ఇనప దిమ్మె, పెట్టెలో ఆరెలు. బూట్లు ఇచ్చి ఎక్కడ ఒత్తుకుంటుందో చూపించాను. "మీ కాలు ఒకసారి చూపిచ్చండమ్మా" అని, కాలు చేతిలోకి తీసుకుని ఎముక ఉబ్బు మీద వేలు పెట్టి చూశాడు. బూటులో సరిగ్గా అదేచోట సుద్దతో గుర్తు పెట్టాడు. చెక్క అచ్చుకి ఆ గుర్తు తగిలేచోట చిన్న తోలుముక్క అంటించాడు. బూటు లోపల తడి పట్టించి అచ్చు దిగ్గొట్టాడు. "రెండు రాత్రులు ఉండాల. తోలు కాబట్టి సాగుద్ది. బట్ట బూట్లయితే నా వల్ల కాకపోను" అన్నాడు.

నా ఆర్థోటిక్ అట్ట తిరగేసి చూశాడు. "మంచి పనే. అరికాలి కింద ఎత్తు పెట్టాడే. మా అయ్య కూడా పెట్టేవాడు, దూరం కూలికి పొయ్యేవోళ్ళకి."

నాకు కాసేపు మాట రాలేదు. మా నాయన ఒక్కడికే తోచిన సంగతి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మీరేవుళ్ళమ్మా?" అన్నాడు.

"మాదిగోళ్ళమే. మా నాయనదీ ఇదే పని."

"మరి ఇంతసేపూ నాచేత మీరు మీరు అనిపిచ్చుకుంటివే!" అని నవ్వి, గోనెసంచి ఇటు జరిపాడు. "కూర్చో అమ్మే."

అమ్మే అని నన్ను పిలిచేవాళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. కూర్చున్నాను. మేము చాలాసేపు తోలు గురించి మాట్లాడుకున్నాం. కొడుకు ఆటో తోలుతున్నాడట. ఈ పని రాదట, నేర్చుకోనన్నాడట. "మంచిదేలే" అన్నాడు. మళ్ళీ తనే, "నా తర్వాత ఇట్టాంటి కాళ్ళు ఎవురు చూస్తారో" అన్నాడు. రెండు మాటలూ నిజమే. ఏది నిలబడాలో నాకూ తెలియలేదు. మన పిల్లలు ఆ గోనెసంచి మీద నుంచి లేవాల్సిందే. విద్య మాత్రం చెట్టుకిందే చచ్చిపోవాల్సిన పని లేదు. పాదాల శాస్త్రం చదివే కోర్సుల్లోకి, బూట్ల డిజైను చదివే కాలేజీల్లోకి మన పిల్లలు పోవాల. తాతల చేతుల్లో ఉన్నది తక్కువ సంగతి కాదని తెలిసి పోవాల.

ఎందుకంటే, 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా చెన్నైలో ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలు యంత్రాలు పెట్టి కొలిచింది. 2024లో ఆ సంగతి పత్రికల్లో వచ్చింది. మన పాదాలు యూరపు, అమెరికా వాళ్ళ పాదాల కంటే వెడల్పని తేలింది. వెడల్పు చాలక మనవాళ్ళు పొడవు ఎక్కువున్న జతలు తొడుక్కుంటున్నారనీ తేలింది. అందుకని మన కాళ్ళకి మన కొలత కావాలని "భ" అనే పేరుతో కొత్త పద్ధతి తయారుచేశారు. సంతోషం. మంచి పని. అయితే వెడల్పుకి గాటు పెట్టిన తాటాకులు మా వాసానికి ఎప్పటినుంచో వేలాడాయి. వాటిని ఎవరూ శాస్త్రం అనలేదు. మాదిగోడి పని అన్నారు.

ఊరేగింపుల్లో, పాదయాత్రల్లో తిరిగే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నర్సుగా నాలుగు మాటలు చెబుతా, వినండి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాళ్ళు కాస్త ఉబ్బుతాయి. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకుని ఆ కాగితం అంగడికి తీసుకుపోండి. బూటుని గీత మీద పెడితే గీత బయటికి కనపడిందా, అది మీ కాలికి రాదు, అమ్మేవాడు ఎంత చెప్పినా సరే. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాల. బూటు వేళ్ళ దగ్గరే వంగాల, మధ్యలో మడత పడకూడదు. ఆర్థోటిక్ అట్టలుంటే వాటిని వెంట తీసుకుపోయి, లోపలి అట్ట తీసి వీటిని పెట్టి నడిచి చూడండి. మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు. మీ ఇంట్లో షుగరున్న అమ్మో నాయనో ఉంటే, తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమమనండి. రోజూ రాత్రి వాళ్ళ అరికాళ్ళు మీరే చూడండి. అమ్మ కాళ్ళు చూడ్డం మన ఇళ్ళల్లో అలవాటు లేదు. అలవాటు చేసుకోండి.

మా అమ్మ కాళ్ళు నేను చూడలేదు. ఊళ్ళో అందరి అమ్మలకీ బీపీ చూశాను, మా అమ్మ మడమల పగుళ్ళు చూడలేదు. ఉద్యోగం వచ్చిన కొత్తల్లో ఒక జత హవాయి చెప్పులు కొనిచ్చాను, నంబరు అడక్కుండా, నా అంచనాతో. బిగువయ్యాయి. అమ్మ చెప్పలేదు. ఆమె పోయాక గూట్లో కనపడ్డాయి, అడుగు అరగని చెప్పులు. ఆ బాట మనదా అన్నాడని నాయన మీద కోపం పెట్టుకున్నదాన్ని, నేనూ ఆమె కాలు కొలవలేదు.

ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంటున్నాను, కొత్త కాలనీలో. రోజూ పొద్దున ఐదున్నరకి ఆ మగ బూట్లు తొడుక్కుని, తాళ్ళు బిగించి, పెద్దవీధి మీదుగా చెరువుకట్ట దాకా పోయి వస్తాను. చూడ్డానికి అందంగా ఉండవు. చీర కింద నల్లగా, వెడల్పుగా, పోలీసు బూట్ల మాదిరి ఉంటాయి. పిల్లలు నవ్వుతారు. మడమ నొప్పి పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. వంగిన బొటనవేలు ఇక నిటారు కాదు, అది నేను చేసుకున్నదే.

పెద్ద ఆసామి అరుగు ఇంకా ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు, పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆ అరుగు ముందు నుంచి పోతుంటే నా బూట్లు ఏ చప్పుడూ చేయవు. రబ్బరు అడుగు. కాస్త కిర్రుమంటే బాగుండు అనిపిస్తుంది నాకు.